ధ్వని యంత్రాల చరిత్ర – 9: తెర వెనుక పదిహేను అంగుళాల కాగితం

వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థ తయారుచేసిన 555 రిసీవరు, దానికి అమర్చిన మెలికల హారన్లు 1920ల చివర అమెరికా సినిమా హాళ్లకు మాట ఎలా తెచ్చిపెట్టాయో గత భాగం వివరించింది. మనిషి గొంతును స్పష్టంగా పలికించడంలో ఆ పరికరానికి ఆనాడు సాటి లేకపోయినా, దాని బలమంతా నడిమి స్వరాలలోనే ఉండేది. డబుల్ బేస్, టింపనీ, పైప్ ఆర్గన్ వంటి వాద్యాల అడుగు స్వరాలు దానిలో పలచబడి, వాద్యబృందమంతా గోడ అవతల ఎక్కడో వాయిస్తున్నట్టు వినిపించేది. ఆ కొరతను తీర్చడానికి 1930ల నుంచి 1950ల దాకా సాగిన కృషిలో రూపుదిద్దుకున్నదే పదిహేను, పద్దెనిమిది అంగుళాల వ్యాసం గల బేస్ డ్రైవరు. డ్రైవరు అంటే పెట్టెనూ హారన్‌నూ మినహాయించి, విద్యుత్తును కదలికగా మార్చే అసలు యంత్రభాగం. ఒక అయస్కాంతం, దాని సన్నని సందులో ముందుకూ వెనక్కూ ఆడే తీగచుట్ట, ఆ చుట్టకు అతికించిన కాగితపు శంకువు దాని ముఖ్యాంగాలు. తీగచుట్టను వాయిస్ కాయిల్ అనీ, శంకువును కోను అనీ వ్యవహరిస్తారు.

కోను ఎంత పెద్దదైనా గాలిని పట్టి కదిలించడం దానికి తేలిక కాదు. గాలి మరీ పలచని పదార్థం కావడం వల్ల, కోను తోసినప్పుడు ఎదుటి గాలి నొక్కుకుపోయే బదులు పక్కలకు జారిపోతుంది. స్వరం ఎంత లోతైనదైతే ఆ జారుడు అంత ఎక్కువ. అందువల్ల కోను నేరుగా గదిలోకి తెరచుకుని ఉండే స్పీకరు తనకు అందిన విద్యుత్తులో నూటికి ఒకటి రెండు పాళ్లు మాత్రమే ధ్వనిగా మార్చి, మిగిలినదంతా వేడిగా వదిలేస్తుంది. హారన్ చేసే పని ఆ జారుడును అరికట్టడమే. సన్నాయి గొట్టం పీక దగ్గర సన్నగా మొదలై చివరకు విప్పారినట్టే హారన్ కూడా గొంతు దగ్గర ఇరుకుగా మొదలై మూతి దగ్గర విశాలమవుతుంది. గొంతులో చిక్కిన గాలికి పక్కదారి లేక అది కోనుకు గట్టిగా ఎదురొడ్డుతుంది, ఆ ఎదురు ఉన్నందువల్లనే కోను తన శక్తిని గాలికి అప్పగించగలుగుతుంది. అప్పుడు విద్యుత్తులో నూటికి ఇరవై ముప్ఫై పాళ్లు, అనుకూలమైన శ్రేణిలో అంతకన్నా ఎక్కువ, ధ్వనిగా మారతాయి. పది పన్నెండు వాట్ల వాల్వు యాంప్లిఫయరుతో వేలమంది కూర్చున్న హాలును నింపవలసి వచ్చిన రోజుల్లో ఇంజనీర్లకు ఇంతకు మించిన దారి లేదు.

అయితే హారన్ తన సాయానికి బదులుగా స్థలం అడుగుతుంది, అదీ కొద్దిపాటి స్థలం కాదు. సెకనుకు 50 కంపనాల స్వరం, అంటే 50 హెర్ట్జ్ స్వరం, గాలిలో సుమారు 6.9 మీటర్ల పొడవైన అలగా ప్రయాణిస్తుంది. ఆ స్వరాన్ని హారన్ సక్రమంగా విడుదల చేయాలంటే దాని మూతి చుట్టుకొలత కూడా దాదాపు అంతే ఉండాలి, అంటే మూతి వ్యాసం 2.2 మీటర్లకు చేరుతుంది. పెళ్లిపందిళ్లలోనూ గుడి గోపురాల మీదా కనిపించే అల్యూమినియం హారన్‌ను ఈ లెక్కతో పోల్చి చూస్తే విషయం మరింత తేటపడుతుంది: అర మీటరు వ్యాసం గల దాని మూతి 200 హెర్ట్జ్‌కు ఎగువ స్వరాలకే చాలుతుంది కాబట్టి, ఊరంతా వినిపించే ఆ మైకు సెట్టులో సన్నాయి ఖంగున మోగుతుంది గాని డోలు అడుగు దరువు అందులోంచి బయటికి రాదు. అది ఆ పరికరంలోని లోపం కాదు, దాని కొలతలోనే ఉన్న హద్దు.

మూతి వెడల్పుతో పాటు హారన్ విప్పారే వేగానికి కూడా లెక్క ఉంది. 50 హెర్ట్జ్ దాకా పనిచేసే ఘాతీయ హారన్, అంటే సమాన దూరాలకు వైశాల్యం రెట్టింపవుతూ పోయే హారన్, ప్రతి 38 సెంటీమీటర్లకు ఒకసారి మాత్రమే రెట్టింపు కావాలి. అంతకన్నా తొందరగా విప్పారితే అడుగు స్వరాలు జారిపోతాయి. 555 వంటి రిసీవరుకున్న రెండున్నర సెంటీమీటర్లకు మించని గొంతు నుంచి బయలుదేరి ఆ వేగంతో 2.2 మీటర్ల మూతికి చేరాలంటే హారన్ పొడవు సుమారు 5 మీటర్లు అవుతుంది. అదే పదిహేను అంగుళాల కోను నుంచి బయలుదేరితే, దాని పనిచేసే వైశాల్యం దాదాపు 850 చదరపు సెంటీమీటర్లు ఉన్నందువల్ల, ప్రయాణంలో సగానికి పైగా అప్పటికే పూర్తయి, మిగిలిన హారన్ 2 మీటర్లతో సరిపోతుంది. పెద్ద బేస్ డ్రైవరు పెద్ద చప్పుడు కోసమే పుట్టిందని చాలామంది భావిస్తారు. దాని అసలు ప్రయోజనం హారన్‌ను పొట్టిచేయడంలో ఉంది. ఆ పొట్టితనం ఎంత అవసరమో హాలీవుడ్‌కు తెలిసివచ్చిన సందర్భం కొద్ది ఏళ్లలోనే ఎదురైంది.

కదిలే తీగచుట్టతో పనిచేసే కోను స్పీకరును జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ 1925లో తమ పరిశోధన పత్రంలో వివరించారు. వారి కోను వ్యాసం ఆరు అంగుళాలే. అది రేడియో పెట్టెకు, ఇంటి గదికి ఉద్దేశించినది. కోనునూ హారన్‌నూ కలిపి ఒక పెద్ద సభాభవనాన్ని నింపవచ్చునన్న నమ్మకం బలపడింది మాత్రం బెల్ ప్రయోగశాలల పనివల్లనే. 1933 ఏప్రిల్ 27న ఫిలడెల్ఫియాలోని అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లో అలెగ్జాండర్ స్మాలెన్స్ నిర్దేశకత్వంలో ఆర్కెస్ట్రా వాయిస్తుండగా, ఆ సంగీతం మూడు వేర్వేరు టెలిఫోను మార్గాలలో వాషింగ్టన్‌లోని కాన్‌స్టిట్యూషన్ హాలుకు చేరి, అక్కడి వేదిక మీది హారన్లలోంచి వినిపించింది. ప్రఖ్యాత సంగీత నిర్దేశకుడు లియోపోల్డ్ స్టొకోవ్‌స్కీ వాషింగ్టన్‌లోనే కూర్చుని స్వరాల హెచ్చుతగ్గులను అదుపు చేశాడు. హార్వే ఫ్లెచర్ నాయకత్వాన సాగిన ఆ ప్రదర్శనలో అడుగు స్వరాలకు ఒక మడత హారన్, పై స్వరాలకు అనేక గదులుగా విడగొట్టిన మరొక హారన్ వాడారు. ఒకే పరికరంతో అన్ని స్వరాలూ పలికించే ప్రయత్నం మాని, శ్రేణిని రెండుగా చీల్చి చెరో డ్రైవరుకు అప్పగించే పద్ధతికి అది గట్టి పునాది వేసింది. స్వరాలను అలా చీల్చే విద్యుత్ వలయాన్నే క్రాసోవర్ అంటారు.

మెట్రో గోల్డ్‌విన్ మేయర్ స్టూడియో ధ్వని విభాగానికి అధిపతి, నటి నార్మా షియరర్ సోదరుడు అయిన డగ్లస్ షియరర్ ఈ పద్ధతిని సినిమా హాళ్లకు తేవాలని సంకల్పించాడు. ఆయన బృందంలోని జాన్ హిలియర్డ్ బెల్ తరహా వ్యవస్థను పరీక్షిస్తున్నప్పుడు ఒక విచిత్రమైన దోషం బయటపడింది: ఎలినార్ పావెల్ ట్యాప్ నృత్యంలో ఆమె బూటు అడుగు ఒక్కసారి నేలను తాకితే చెవికి రెండు చప్పుళ్లు వినిపించాయి. బేస్ హారన్ లోపలి దారి పై స్వరాల హారన్ దారి కన్నా సుమారు ఎనిమిది అడుగులు పొడవు కావడంతో, ఒకే చప్పుడులోని అడుగు భాగం దాదాపు 7 మిల్లీసెకన్లు ఆలస్యంగా హాలులోకి వస్తోంది. సంగీతంలో మరుగుపడిన ఈ తేడా బూటు టక్కుమన్న చోట దాగలేకపోయింది. దానికి విరుగుడుగా హిలియర్డ్, జాన్ బ్లాక్‌బర్న్, రాబర్ట్ స్టీఫెన్స్, జేమ్స్ బి. లాన్సింగ్ మొదలైనవారు ఇంగ్లీషు డబ్ల్యూ అక్షరంలా మడిచిన పొట్టి బేస్ హారన్‌ను రూపొందించి, దానికి నాలుగు పదిహేను అంగుళాల డ్రైవర్లను బిగించారు. నాలుగు కోనులు కలిస్తే గొంతు వైశాల్యం నాలుగింతలవుతుంది, ఆ మేరకు హారన్ మరింత పొట్టిదవుతుంది. పైనున్న హారన్‌ను కొద్దిగా వెనక్కి జరిపితే రెండు దారుల పొడవులూ సరిపోతాయి. షియరర్ హారన్ అన్న పేరుతో స్థిరపడిన ఈ వ్యవస్థకు 1936 సంవత్సరానికి గాను అమెరికా చలనచిత్ర అకాడమీ సాంకేతిక పురస్కారం లభించింది.

ఆ నాలుగు డ్రైవర్లను తయారుచేసిన లాన్సింగ్ చరిత్ర ఈ ధారావాహికలో ప్రత్యేకంగా చెప్పుకోదగినది. 1902లో ఇల్లినాయ్ రాష్ట్రంలో జేమ్స్ మార్టినిగా పుట్టిన ఆయన పేరు మార్చుకుని, 1927లో లాస్ ఏంజలెస్‌లో లాన్సింగ్ మాన్యుఫాక్చరింగ్ కంపెనీని స్థాపించాడు. షియరర్ వ్యవస్థలోని ఆయన 15ఎక్స్‌ఎస్ డ్రైవరులో శాశ్వత అయస్కాంతం లేదు. ఇనుప కడ్డీ చుట్టూ వేల చుట్ల రాగితీగ చుట్టి, దానిలోకి విడిగా విద్యుత్తు పంపి అయస్కాంతంగా మార్చేవారు. ఫీల్డ్ కాయిల్ అని పిలిచే ఈ ఏర్పాటు బరువైనది, వేడెక్కేది, ప్రతి స్పీకరుకూ వేరుగా విద్యుత్ సరఫరా కోరేది. అయినా ఆనాటి శాశ్వత అయస్కాంతాలు దాని బలానికి దరిదాపుల్లోకి కూడా రాలేదు కాబట్టి వెస్టర్న్ ఎలక్ట్రిక్ తన మిర్రోఫోనిక్ వ్యవస్థలో వాడిన పద్దెనిమిది అంగుళాల టీఏ-4181 డ్రైవరు సైతం ఇదే మార్గంలో నడిచింది.

ఈ ప్రయోగాలు సాగుతున్న కాలానికి భారతదేశంలో టాకీ యుగం అప్పుడే మొదలైంది. 1931 మార్చిలో బొంబాయిలో 'ఆలం ఆరా', 1932లో హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వాన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' విడుదలయ్యాయి. మూకీ హాళ్లు టాకీ హాళ్లుగా మారినప్పుడు వెస్టర్న్ ఎలక్ట్రిక్, ఆర్‌సీఏ ఫోటోఫోన్ వంటి సంస్థల యంత్రాలు ఓడల మీద దేశంలోకి దిగాయి. ప్రేక్షకులు పద్యాలకు తలలూపిన హాళ్లలో చిల్లుల తెర వెనుక నిలిచినవి ఆ కుటుంబపు యంత్రాలే.

ఫీల్డ్ కాయిల్‌ను పదవి నుంచి దించింది లోహశాస్త్రం. అల్యూమినియం, నికెల్, ఇనుము కలిసిన మిశ్రమానికి అసాధారణమైన అయస్కాంత పట్టు ఉందని జపాను శాస్త్రవేత్త టొకుషిచి మిషిమా 1931లో కనుగొన్నాడు. దానికి కోబాల్టు చేర్చి, అయస్కాంత క్షేత్రంలో ఉంచి చల్లార్చే పద్ధతి తర్వాతి దశాబ్దంలో పరిపక్వమై ఆల్నికో 5 అనే లోహంగా స్థిరపడింది. లాన్సింగ్ కంపెనీని 1941లో ఆల్టెక్ సంస్థ కొనుగోలు చేయడంతో ఏర్పడిన ఆల్టెక్ లాన్సింగ్, యుద్ధం ముగిసిన 1945లో ఆ లోహంతో చేసిన పదిహేను అంగుళాల 515 డ్రైవరును, దాని చుట్టూ అల్లిన 'వాయిస్ ఆఫ్ ద థియేటర్' వ్యవస్థలను ప్రవేశపెట్టింది. మనిషి ఎత్తును మించిన ఎ-4 పెట్టెలో రెండు 515లు ఒక పొట్టి తిన్నని హారన్‌లోకి ఊదేవి. వాటి వెనుక వెలువడే గాలి కూడా వృథా పోకుండా పెట్టె అడుగు రంధ్రం గుండా అతి లోతైన స్వరాలకు తోడ్పడేది. నడుమెత్తు పెట్టెగల ఎ-7 చిన్న హాళ్లకు, పాఠశాలలకు, తర్వాతి కాలంలో సంగీత వేదికలకు చేరింది.

515 లోపలి నిర్మాణం పరిశీలిస్తే హారన్ డ్రైవరు స్వభావం అర్థమవుతుంది. దాని మూడంగుళాల వాయిస్ కాయిల్‌ను గుండ్రటి తీగతో కాక, రేకులా చదునుచేసిన రాగి పట్టీని అంచు మీద నిలిపి చుట్టారు. గుండ్రటి తీగల మధ్య మిగిలే ఖాళీ ఇందులో ఉండదు కాబట్టి అయస్కాంతపు సన్నని సందు దాదాపు పూర్తిగా రాగితో నిండి, తోపుడు బలం పెరుగుతుంది. కోను మాత్రం పలచటి కాగితం. దాని అంచు కూడా ముడతలు పెట్టిన కాగితమే. వెడల్పైన తేలిక కోనును బలమైన అయస్కాంతం పట్టి ఆడించడమే ఇక్కడి సూత్రం. కోను బరువెక్కితే హారన్ మోసుకుపోగలిగిన ఎగువ స్వరాలను అది అందుకోలేదు, క్రాసోవర్ చీల్చే స్వరం దాకా చేరకముందే అలసిపోతుంది. హారన్ గాలి ఎదురొడ్డడం వల్ల కోను ఎక్కువ దూరం కదలవలసిన పనీ లేదు. హాలు దద్దరిల్లే బిగ్గర స్వరానికి కూడా అది కొద్ది మిల్లీమీటర్లే ఊగుతుంది. కదలిక తగ్గితే స్వరం వక్రించడమూ తగ్గుతుంది. పాత హారన్ వ్యవస్థల్లో డోలు దెబ్బ దెబ్బలాగే తెగి వినిపించడానికి కారణం ఈ పొదుపైన కదలికే గాని, పాతకాలపు వస్తువుల మీద మనసుకున్న మమకారం కాదు.

ఇదే సూత్రాన్ని ఇంటి గదిలోకి దించిన ఘనత పాల్ విల్బర్ క్లిప్ష్‌ది. గది మూలలో రెండు గోడలూ నేలా కలిసే చోట హారన్ మూతిని పెడితే ఆ మూడు తలాలే హారన్‌కు కొనసాగింపు అవుతాయనీ, బయలు ప్రదేశంలో కావలసిన మూతి వైశాల్యంలో ఎనిమిదో వంతు అక్కడ చాలుననీ ఆయన గ్రహించాడు. ముందు చెప్పిన 50 హెర్ట్జ్ హారన్‌కు కావలసిన 3.8 చదరపు మీటర్ల మూతి ఈ లెక్కన అర చదరపు మీటరు లోపే సరిపోతుంది. 1941లో తన సిద్ధాంతాన్ని పత్రంగా ప్రచురించి, యుద్ధకాలంలో ఆర్కన్సా రాష్ట్రంలోని హోప్ పట్టణపు ఆయుధ పరీక్షా కేంద్రంలో పనిచేసి, 1946లో అదే ఊళ్లో కంపెనీ పెట్టి క్లిప్ష్‌హారన్ తయారీ మొదలుపెట్టాడు. అందులో కోను వెనుక ఉన్న మూసిన గదికి కూడా కొలిచిన పని ఉంది: హారన్ గొంతులోని గాలి అడుగు స్వరాల దగ్గర బరువులా ప్రవర్తిస్తుంది, వెనుక గదిలో బంధించిన గాలి స్ప్రింగులా ప్రవర్తిస్తుంది, ఈ రెండింటినీ ఒకదానితో ఒకటి రద్దయ్యేలా తూచితే డ్రైవరు బలమంతా ధ్వనికే మిగులుతుంది. అంత సూక్ష్మమైన తూకాన్ని చెక్క పెట్టెలో సాధించిన క్లిప్ష్ పనిని ఈ చరిత్ర మొత్తంలో అత్యంత సుందరమైన ఇంజనీరింగుగా పేర్కొనవచ్చు. ఇంగ్లండులో వైటావాక్స్ సంస్థ ఆ నమూనాకు అనుమతి పొంది తన సొంత పదిహేను అంగుళాల డ్రైవరుతో నిర్మించగా, అమెరికాలో ఎలక్ట్రో-వాయిస్ తన పేట్రీషియన్ మూల హారన్లలో పద్దెనిమిది అంగుళాల డ్రైవరును వాడింది. అదే సంస్థ 1960 ప్రాంతంలో ముప్ఫై అంగుళాల డ్రైవరునూ తయారుచేసింది గాని, పాలీస్టైరీన్ నురుగుతో చేసిన ఆ కోను హారన్ లేకుండా నేరుగా గదిలోకే పలికేది.

లాన్సింగ్ 1946లో ఆల్టెక్‌ను విడిచి మళ్లీ సొంత సంస్థ స్థాపించాడు. అక్కడ నాలుగంగుళాల వాయిస్ కాయిల్‌తో ఆయన రూపొందించిన పదిహేను అంగుళాల డి-130 డ్రైవరు 1947లో వెలువడి, సినిమా హాళ్లతో పాటు గిటారు యాంప్లిఫయర్లలోకి కూడా చేరింది. ఆ కీర్తి చూడటానికి ఆయన మిగల్లేదు. అప్పుల ఒత్తిడిలో చిక్కి 1949 సెప్టెంబరులో, 47 ఏళ్ల వయసులో ఆత్మహత్య చేసుకున్నాడు. ఆయన బీమా సొమ్ముతో నిలదొక్కుకున్న కంపెనీయే తర్వాత జేబీఎల్‌గా ప్రపంచానికి తెలిసింది.

వాట్లు చవకైన కొద్దీ హారన్ అవసరం తగ్గింది. ఎడ్గర్ విల్చర్ 1954లో ఏఆర్-1 స్పీకరుతో, మూసిన చిన్న పెట్టెలోని గాలినే స్ప్రింగుగా వాడి పన్నెండు అంగుళాల కోనుతో లోతైన బేస్ రాబట్టాడు. అందుకు మూల్యంగా కోను బరువెక్కింది, విద్యుత్తు ఎన్నో రెట్లు అవసరమైంది. చిన్న పెట్టె, లోతైన స్వరం, తక్కువ విద్యుత్తు అనే మూడింటిలో ఏ రెండింటినైనా పొందవచ్చు గాని మూడూ ఒకచోట దొరకవన్నది ఈ రంగంలో మారని సూత్రం. హారన్ తరం పెట్టెను పెద్దది చేసుకుంది, విల్చర్ తరం విద్యుత్తును ఖర్చుపెట్టింది. 1958లో స్టీరియో గ్రామఫోను రికార్డులు వచ్చి ప్రతి ఇంటా రెండు స్పీకర్లు అవసరం కావడం, తర్వాతి దశాబ్దంలో ట్రాన్సిస్టరు యాంప్లిఫయర్లు వందల వాట్లు అందించడం ఆ మార్పును పూర్తిచేశాయి. 50 హెర్ట్జ్‌కు దిగువ పాత థియేటరు పెట్టెలు దాదాపు మూగబోతాయన్నదీ నిజమే. అందుకే 1974లో 'ఎర్త్‌క్వేక్' చిత్రానికి భూకంపపు కంపనాన్ని కలిగించడానికి సెన్సరౌండ్ పేరుతో సెర్విన్-వేగా సంస్థ పెద్ద డ్రైవర్లతో ప్రత్యేకమైన మడత హారన్లు నిర్మించవలసి వచ్చింది. 1978లో జైరే దేశంలోని షాబా ప్రాంతపు అలజడుల వల్ల కోబాల్టు ధర ఆకాశాన్నంటడంతో ఆల్నికో కూడా వెనక్కి తగ్గి, దాని చోటును చవకైన ఫెర్రైటు అయస్కాంతం ఆక్రమించింది.

ఇన్నేళ్ల తర్వాత కూడా ఆనాటి డ్రైవర్లు పనిచేస్తున్నాయి. 1970ల స్పీకర్ల నురుగు అంచులు పదిహేను ఇరవై ఏళ్లలో పొడిపొడిగా రాలిపోగా, 515 వంటివాటి కాగితపు అంచులు చెక్కుచెదరలేదు; జపానులో వీటిని నేటికీ వెతికి కొంటున్నారు, వెస్టర్న్ ఎలక్ట్రిక్ పాత డ్రైవర్లకు సరికొత్త నకళ్లు సైతం అక్కడ తయారవుతున్నాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మూతపడుతున్న పాత సినిమా హాళ్ల యజమానులకు, వాటిని కూల్చే పనివారికి ఒక మనవి: తెర వెనుక పెద్ద చెక్క పెట్టెలు కనిపిస్తే, పాత ఇనుము కింద తూకానికి వేసేముందు డ్రైవరు వెనుక అతికించిన రేకు మీది పేరునూ సంఖ్యనూ రాసుకోవాలి, కనీసం ఒక ఫోటో తీసి ఉంచాలి. లోపలి అయస్కాంతాన్ని మాత్రం విప్పకూడదు. ఆల్నికో అయస్కాంతాన్ని దాని ఇనుప చట్రం నుంచి వేరుచేసిన క్షణంలోనే బలంలో పెద్ద భాగం పోతుంది, తిరిగి బిగించినంత మాత్రాన అది రాదు.